చావనొల్లని ప్రతినాయకుడు

బాలనాగమ్మ కథ విన్నవారికి మాయల ఫకీరు ప్రాణము ఎక్కడ నుండెనో తెలియును. ఏడు సముద్రముల కావల, ఒక చిలుకలో. ఫకీరును ఎంత నరికినను ఫలము లేదు, చిలుక చేజిక్కవలెను. హిరణ్యకశిపుడు పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని చావకుండ వరము పొందెను. ఆ వరములోని సందు ఎక్కడ నున్నదో వెదకుటయే ఆ కథ. చావునకు దొరకని దుష్టుడు మన పిల్లలకు క్రొత్తవాడు కాడు.

ఈ జాతికి చెందిన ప్రతినాయకు డొకడు 1971లో బ్రిటన్ దేశపు టెలివిజన్‌లో ప్రవేశించెను. వాని పేరు మాస్టర్. మన బడులలో మాస్టరనగా పాఠము చెప్పువాడు. ఇతడు ఆ కోవలోని వాడు కాడు, అందరికిని ప్రభువు కాగోరినవాడు. ఇతని ప్రాణము చిలుకలో లేదు, ఒక అంకెలో నున్నది. ఆ అంకె పండ్రెండు. చిత్రమేమనగా, దీనిని పోలిన అంకె యొకటి మన దేహములోని సాధారణ జీవకణములలోను కలదు. కథలోని అంకెను మాస్టర్ ఎట్లు దాటజూచెనో, కణములోని అంకెను దాటినపుడు ఏమి జరుగునో ప్రక్కప్రక్కన పెట్టి చూచిన యెడల జీవశాస్త్రములోని ఒక గంభీరమైన సంగతి సులభముగ బోధపడును.

పండ్రెండు మార్లు

డాక్టర్ హూ అను ధారావాహిక బి.బి.సి.లో 1963 నవంబరు 23వ తేదీన ప్రారంభమైనది. అందలి నాయకుని డాక్టర్ అని మాత్రమే పిలుతురు. చూచుటకు మానవుడే గాని గాలిఫ్రే అను వేరొక గ్రహమున పుట్టినవాడు. ఆ గ్రహమునందలి విద్యావంతులకు కాలప్రభువులని పేరు. నీలిరంగు పోలీసు పెట్టెవలె కన్పట్టు యంత్రములో కూర్చుండి ఈ డాక్టర్ కాలములో ముందునకును వెనుకకును ప్రయాణము చేయుచుండును.

మూడేండ్లు గడచునప్పటికి నాయకపాత్ర ధరించిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము చెడెను. నాయకుడు లేక కథ సాగదు. నిర్మాతలు ఒక యుక్తి పన్నిరి. 1966 అక్టోబరు 29న ప్రసారమైన భాగము చివర డాక్టర్ నేలకొరిగెను. ప్రేక్షకులు చూచుచుండగనే అతని ముఖము మారి పాట్రిక్ ట్రౌటన్ అను మరియొక నటుని ముఖమయ్యెను. కాలప్రభువుల దేహము శిథిలమైనపుడు అందలి కణము లన్నియు నూతనత్వము చెంది క్రొత్తరూపు దాల్చునని తరువాతి కథలలో వివరించిరి. ఒక నటుని అనారోగ్యము నుండి పుట్టిన ఈ ఉపాయము, నడుమ విరామములున్నను, ఆ ధారావాహికను అరువది యేండ్లు దాటించినది.

మాస్టర్ సైతము కాలప్రభువే, డాక్టర్‌కు బాల్యస్నేహితుడు. 1971 జనవరి 2న ప్రసారమైన భాగములో ఈ పాత్ర తొలిసారి కనబడెను. రోజర్ డెల్గాడో అను నటుడు దానికి ప్రాణము పోసెను. తీర్చిన గడ్డము, నల్లని దుస్తులు, మెత్తని మాట, ఎదుటివాని మనస్సును కట్టివేయు చూపు—ఇవి ఆ పాత్ర లక్షణములు. అరచి భయపెట్టు దుష్టునికన్న మర్యాదగ మాటాడు దుష్టుడు ఎక్కువ భయము గొల్పునని డెల్గాడోను చూచిన వారికి తెలియును. ఆయన 1973 జూన్‌లో టర్కీ దేశములో మోటారు ప్రమాదమునకు లోనై మరణించెను. మూడేండ్లపాటు ఆ పాత్ర తెరమీదికి రాలేదు.

1976లో రాబర్ట్ హోమ్స్ వ్రాసిన నాలుగు భాగముల కథలో మాస్టర్ తిరిగివచ్చినపుడు ఆ దర్జా లేదు. కండ కరగి, చర్మము కమలి, గ్రుడ్లు బయటికుబికిన కళేబరమువంటి ఆకారము. కాలప్రభువు పండ్రెండు మార్లు మాత్రమే నూతన దేహము పొందగలడనియు, ఆ పిమ్మట మరణము తప్పదనియు ఈ కథలోనే మొదట చెప్పబడెను. మాస్టర్ తన పండ్రెండు మార్లును ఖర్చుచేసికొన్నాడు. పదుమూడవ దేహము కుళ్ళుచున్నది. గాలిఫ్రే గ్రహమునకు శక్తినిచ్చు మూలము ఆ గ్రహపు నగరము క్రింద బంధింపబడియున్నది. అది ఒక కృష్ణబిలపు గర్భము. దాని బంధములు విప్పి ఆ శక్తిని పీల్చుకొన్నచో తాను బ్రతుకును, గ్రహము నశించును. ఈ రెండవ సంగతి మాస్టర్‌కు పట్టదు.

ఆ ఎత్తు పారలేదు. 1981లో అతడు వేరొక మార్గము పట్టెను. ట్రాకెన్ అను శాంతియుత లోకములో ట్రెమాస్ అను సజ్జనుడు, విజ్ఞాని, ఒక కుమార్తెకు తండ్రి. మాస్టర్ అతని దేహములోనికి చొచ్చి, అతని నంతమొందించి, ఆ దేహమును తనదిగ చేసికొనెను. (ట్రెమాస్ అను పేరులోని ఆంగ్లాక్షరములను తారుమారు చేసినచో మాస్టర్ అనియే వచ్చును, రచయితలు సంకేతమును ముందే ఇచ్చియుండిరి.) కుమార్తెకు తండ్రి ముఖము కనబడును, తండ్రి లేడు. ఆ ధారావాహికలోని భీకరదృశ్యములలో రాక్షసులు, మరమనుష్యులు ఎందరో కలరు గాని ఇంత నొప్పించు ఘట్టము తక్కువ. 1996 నాటి చిత్రములో మాస్టర్ శాన్ ఫ్రాన్సిస్కో నగరమున రోగుల బండి నడపువాని దేహము నాక్రమించెను. అదియు కుళ్ళనారంభింపగ, డాక్టర్‌కు మిగిలిన జన్మలను దొంగిలింప యత్నించెను.

అమరత్వము దొరికినవాని సంగతి యేమి? 1983లో వచ్చిన కథలో బోరూసా అను కాలప్రభువు, గాలిఫ్రే అధ్యక్షుడు, శాశ్వతముగ పాలింపగోరి ప్రాచీనుడగు రాసిలాన్ సమాధి చేరి అమరత్వము నడిగెను. అడిగినది లభించినది. బోరూసా ఆ సమాధి గోడలో చెక్కిన శిలాముఖమయ్యెను. కన్నులు మాత్రము కదలుచుండెను. అతనికి చావు లేదు.

పండ్రెండను హద్దును ఎవరు పెట్టిరి? దీనికి 2020లో ప్రసారమైన కథలో జవాబు చెప్పబడెను. పూర్వకాలమున ఒక శాస్త్రజ్ఞురాలు అనాథశిశువునందు ఈ నవదేహశక్తిని గుర్తించి, దాని రహస్యమును తన జాతివారి జన్యువులలో చేర్చెననియు, అట్లు చేర్చునపుడే పండ్రెండు మార్లకు మించకుండ కట్టడి చేసిరనియు ఆ కథ చెప్పును. ఈ మలుపు ప్రేక్షకులలో అనేకులకు రుచింపలేదు. అయినను జీవశాస్త్రము బోధించువారికి ఇందులో పనికివచ్చు ఆలోచన కలదు: హద్దు అనునది లోపము కాదు, కావలెనని పెట్టినది.

చావని కోడిగుండె

జీవకణములకు హద్దు లేదనియే శాస్త్రజ్ఞులు చాలకాలము నమ్మిరి. 1912లో అలెక్సిస్ కారెల్ అను ఫ్రెంచి వైద్యుడు న్యూయార్కులోని రాక్‌ఫెలర్ సంస్థలో కోడిపిండపు గుండెనుండి చిన్న ముక్క తీసి గాజుపాత్రలో పోషకద్రవము పోసి పెంచసాగెను. ఆ కణములు విభజన చెందుచునే యుండెను. కారెల్ ఆ సంవత్సరమే నోబెల్ బహుమానము పొందినవాడు, వేరొక పరిశోధనకు. అతని మాటకు ఎదురు లేదు. 1944లో కారెల్ మరణించెను, ఆ కణములు మాత్రము 1946 వరకు పెరుగుచుండెను. కోడి యెన్నడును అంతకాలము బ్రతుకదు. కనుక కణములు స్వతస్సిద్ధముగ అమరములనియు, దేహములో నుండుట వలననే వానికి ముసలితనము వచ్చుచున్నదనియు పాఠ్యగ్రంథములలో కెక్కినది.

ఆ ప్రయోగము నితరులు చేసినపుడు అట్టి ఫలితము రాలేదు. రానివారు తమ చేతివాటము మంచిది కాదనుకొని ఊరకుండిరి. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో పనిచేయుచుండిన లియొనార్డ్ హేఫ్లిక్ కూడ మొదట అట్లే అనుకొనెను. మానవపిండపు కణములను పాత్రలో పెంచి, పాత్ర నిండగనే రెండు పాత్రలకు సగము సగము పంచుచు, పంచిన ప్రతిసారి లెక్కపెట్టుచుండెను. సుమారు 50 మార్లు గడచునప్పటికి పెరుగుదల మందగించి ఆగెను. ద్రవములో దోషమున్నచో అన్ని పాత్రలును ఒకేసారి ఆగవలెను. కాని ముందు మొదలుపెట్టినవే ముందు ఆగుచున్నవి. ఆగినవి చావలేదు. నెలల తరబడి బ్రతికియుండెను. విభజన మాత్రము లేదు.

ఈ సందేహమును తీర్చుటకు హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చేసిన ప్రయోగము తరగతిలో చెప్పదగినది. పురుష కణములను స్త్రీ కణములను సూక్ష్మదర్శినిలో క్రోమోసోములను బట్టి వేరుగ గుర్తింపవచ్చును. 40 మార్లు విభజన చెందిన పురుష కణములను, 10 మార్లు మాత్రమే విభజన చెందిన స్త్రీ కణములను వారు ఒకే పాత్రలో కలిపి పెంచిరి. త్రాగు ద్రవమొకటే, పాత్ర ఒకటే, చేయి ఒకటే. కొంతకాలమునకు చూడగా పాత్రలో స్త్రీ కణములే మిగిలియున్నవి. కనుక లోపము ద్రవములో లేదు, చేతిలో లేదు. కణమే తన వయస్సును లెక్కించుకొనుచున్నది. అతిశీతల స్థితిలో గడ్డకట్టించి ఎన్నాళ్ళుంచినను, కరగించిన పిదప కణములు ఆగిన అంకెనుండియే లెక్క సాగించినవి.

వీరి వ్యాసమును ఒక ప్రసిద్ధ పత్రిక త్రిప్పి పంపెను. 1961లో వేరొక పత్రికలో వెలువడినది. 40 నుండి 60 విభజనల ఈ ఎల్లకు ఇప్పుడు హేఫ్లిక్ హద్దు అని పేరు. కారెల్ ప్రయోగమునకు ఇప్పుడు చెప్పు సమాధానమేమనగా, అతడు పోషణకై మాటిమాటికి పోసిన కోడిపిండపు రసములో క్రొత్త కణములు కొన్ని చేరుచుండెనని. ముప్పదినాలుగేండ్ల అమరత్వము వడపోతలోని లోపమన్నమాట. పెద్దపేరు గలవాని ప్రయోగమును ప్రశ్నింపక యుండుట ఎంత నష్టమో ఈ ఉదంతమే చాటును.

దున్నబడని కొస

కణము దేనిని చూచి లెక్కపెట్టుచున్నది? మాస్టర్ తెరపై కనబడిన 1971వ సంవత్సరములోనే మాస్కోలో అలెక్సీ ఒలోవ్నికోవ్ దీనికి ఒక ఊహ ప్రకటించెను. హేఫ్లిక్ పరిశోధనను గూర్చిన ఉపన్యాసము విని భూగర్భ రైలుస్టేషనులో నిలుచుండగా ఆయనకు ఈ ఊహ తట్టినది. రైలు పట్టాల చివర ఆగునపుడు బండి పొడవు మేర పట్టా మరుగుపడును గదా!

మన పొలములలో దీనికి ఇంకను చక్కని ఉపమానము కలదు. నాగలి ఎద్దుల వెనుక నుండును. ఎద్దులు గట్టు చేరగనే అరక ఆగవలెను. వాని క్రింది నేల దున్నబడక మిగులును. రైతు ఆ మూలలను పారతో త్రవ్వుకొనును. కణము విభజన చెందుటకు ముందు క్రోమోసోములోని డి.ఎన్.ఎ. పోగుకు నకలు తీయవలెను. నకలు తీయు ఎంజైము ఖాళీస్థలమున పని మొదలుపెట్టలేదు. పోగుకొసమీద మొదట చిన్న తాత్కాలికపు తునక నిలుపవలెను. పని ముగిసిన పిదప ఆ తునకను తొలగింతురు. నడుమనున్న తునకల చోటులు పూడును. చిట్టచివరి తునక చోటు మాత్రము పూడదు. కనుక ప్రతి నకలును తన మాతృకకన్న కొంచెము పొట్టి. అరక దున్నని గట్టువార నేలవలె కొస మిగిలిపోవును.

కొసలో ముఖ్యమైన జన్యువులున్నచో ప్రాణి గతి యేమి? అందుకొరకే ప్రకృతి కొసలలో అర్థము లేని అక్షరములను మరల మరల వ్రాసి పెట్టినది. మనుష్యునిలో ఆరక్షరముల మాట ఒకటి వేలసార్లు పునరావృత్త మగును. ఈ కొసలకు టెలోమియర్లని పేరు. నేతచీర కొంగు పోగులు విడిపోకుండ కుచ్చులు ముడివేసినట్లే ఇవి క్రోమోసోములను కాపాడును. శిశువు పుట్టునప్పుడు ఒక్కొక్క కొస సుమారు 10 వేల అక్షరముల పొడవుండును. విభజన జరిగినపుడెల్ల 50 మొదలు 100 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి తరుగును. మరీ పొట్టియైన కొసను కణము తెగిన డి.ఎన్.ఎ.గ భావించి విభజనను నిలిపివేయును.

ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 1978లో ఒక చెరువునీటి ఏకకణజీవిలో ఈ కొసల అక్షరములను చదివెను. ఆమె శిష్యురాలు కెరొల్ గ్రైడర్ 1984 క్రిస్టమస్ రోజున ప్రయోగశాలకు వచ్చి, తరిగిన కొసను తిరిగి పెంచు ఎంజైమును కనిపెట్టెను. దానికి టెలోమెరేజ్ అని పేరు పెట్టిరి. వారిద్దరును, జాక్ షోస్టాకును 2009లో నోబెల్ బహుమానము పంచుకొనిరి. ఈ ఎంజైము బీజకణములలో చురుకుగ పనిచేయును. లేనిచో పిల్లలు తల్లిదండ్రుల ముసలి కొసలతో పుట్టుదురు! రక్తమును తయారుచేయు మజ్జకణములలో కొంత పనిచేయును. దేహములోని అధికసంఖ్యాక కణములలో అణగియుండును. 1998లో అమెరికాలో సాధారణ మానవకణములలోనికి ఈ ఎంజైము జన్యువును చేర్చగా అవి హేఫ్లిక్ హద్దును దాటి విభజన చెందుచుపోయెను.

ఇక నేమి, అమృతము దొరకినదని పత్రికలు కొన్ని వ్రాసెను. పుట్టినప్పటినుండి ఉన్న ఎంజైమును దేహము ఎందుకు అణచిపెట్టినదో విచారింపక ఆ మాట యనరాదు.

లెక్క మరచిన కణము

ఉపాధ్యాయులు నల్లబల్లమీద ఈ లెక్క చేయించవచ్చును. ఒక కణము రెండు, రెండు నాలుగు, ఇట్లు 30 మార్లు రెట్టింపైన 107 కోట్ల కణములగును. అది ఇంచుమించు ఒక గ్రాము బరువుగల కంతి. 40 మార్లైన లక్ష కోట్లు దాటును. 50 మార్లైన 11 కోట్ల కోట్లకు మించును. మన దేహములోని కణము లన్నియు కలిసి 30 నుండి 37 లక్షల కోట్లే. కనుక 50 అను అంకె ఒక దేహమును నిర్మించుటకు చాలును, మిగులును.

ఇప్పుడొక కణము దెబ్బతిని దేహపు ఆజ్ఞలను ధిక్కరించి పెరుగ మొదలిడెననుకొనుడు. దానిలో పుట్టినవి చచ్చుచుండును, రక్షకకణములు కొన్నింటిని చంపుచుండును. కనుక చిన్న కంతి యేర్పడుటకే లెక్కకన్న ఎక్కువ విభజనలు ఖర్చగును. అంతలో కొసలు తరిగిపోవును. దొంగ పరుగెత్తుచునే యున్నాడు గాని దారి ముగిసినది. ఇట్లు మనకు తెలియకుండనే ఎన్నియో కంతులు మొలకలోనే ఆగిపోవును. ఆగక ముందునకు సాగినది రాచపుండు. రాచపుండ్లలో పదింట దాదాపు తొమ్మిదింటిలో అణగియుండవలసిన టెలోమెరేజ్ మేల్కొనియున్నట్లు 1994 నుండి జరిగిన పరిశోధనలు చూపుచున్నవి. పండ్రెండవ జన్మ ముగిసినను చావనొల్లక నగరము క్రింది శక్తిమూలమును విప్పబోయిన మాస్టర్ చేసినపని ఇదియే.

పరుల దేహము నాక్రమించుట సంగతి? దానికిని ప్రయోగశాలలో సాక్ష్యము కలదు. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ, అయిదుగురు బిడ్డల తల్లి, గర్భాశయ ముఖద్వారపు రాచపుండుతో వచ్చెను. ఆమె కంతినుండి చిన్నముక్క తీసి, ఆమెను అడుగకయే పరిశోధనకు పంపిరి. ఆ కణములు రోజునకొకసారి రెట్టింపగుచు ఆగక పెరిగినవి. ఆమె ఆ అక్టోబరు 4న, ముప్పదియొకటవ యేట, మరణించెను. ఆమె కణములు హీలా అను పేరుతో లోకములోని ప్రయోగశాలలన్నింటికి ప్రాకినవి. పోలియో టీకా పరీక్ష మొదలు అసంఖ్యాకమైన పరిశోధనలకు ఆధారమైనవి. ఆమె కుటుంబమునకు ఈ సంగతి ఇరువది యేండ్లకు గాని తెలియలేదు. కణములతో వ్యాపారము చేసిన ఒక సంస్థ 2023లో ఆ కుటుంబముతో రాజీపడినది. ఉపకారము ఎంత గొప్పదైనను అడుగక తీసికొనుట అన్యాయమే.

1966లో స్టాన్లీ గార్ట్‌లర్ ఒక విపరీతమును బయటపెట్టెను. వేర్వేరు రోగులనుండి, వేర్వేరు అవయవములనుండి తీసినవని పేర్లు వ్రాసియుంచిన పాత్రలలో ఒకే ఎంజైము రకము కనబడుచున్నది. అది ఆఫ్రికా సంతతివారిలో కనబడు రకము. దాతలలో తెల్లవారును గలరు. గాలితుంపరలతోనో, తుడువని గొట్టముతోనో ఒక్క హీలా కణము పాత్రలో పడినను చాలును. అది అసలు కణములను మించి పెరిగి పాత్రనంతయు తానే అయిపోవును. మీద పేరు ఒకరిది, లోపలివాడు మరియొకడు. ట్రెమాస్ కుమార్తె అనుభవించినదే అప్పటి శాస్త్రజ్ఞులును అనుభవించిరి. ఏండ్ల తరబడి చేసిన పరిశోధనలు కొన్ని వ్యర్థమైనవి.

ప్రయోగశాల వెలుపల ఇంతకన్న ప్రాచీనుడగు ఆక్రమణదారుడు కలడు. కుక్కలలో సంపర్కము వలన అంటుకొను కంతి యొకటి మన ఊళ్ళ వీథికుక్కలలోను కనబడును. దానిని వ్యాపింపజేయునది సూక్ష్మజీవి కాదు. కంతికణములే ఒక కుక్కనుండి మరియొక కుక్కకు ప్రాకి పెరుగును. ఆ కణముల జన్యువులు అవి వసించు కుక్కవి కావు. 4000 నుండి 8500 సంవత్సరములకు పూర్వము ఆసియాలో జీవించిన ఒకే కుక్కలో అవి పుట్టినవని 2019లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. ఆ కుక్క ఏనాడో మట్టిలో కలిసినది. దాని కణము మాత్రము ఖండఖండములు దాటి, దేహము వెంట దేహము మార్చుచు నేటికిని జీవించుచున్నది. చావనొల్లని ప్రతినాయకుడు నిజముగ ఎక్కడనైన ఉన్నాడా యని విద్యార్థి అడిగినచో చూపదగినది ఇదియే.

అయినను ఇతడు అజేయుడు కాడు. పశువైద్యులు వాడు విన్‌క్రిస్టిన్ అను మందుతో ఈ కంతి సాధారణముగ కరగిపోవును. ఆ మందు మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరునుండి లభించును. విభజన వేళ క్రోమోసోములను ఇరువైపులకు లాగు సన్నని పోగులను అది అల్లుకొననీయదు. పిల్లల రక్తపు రాచపుండుకు సైతము ఇది మందే. విభజనను అడ్డగించు మరియొక మార్గమునకు తెలుగువానితో సంబంధము కలదు. భీమవరమున పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో నడపిన కృషి ఫలితముగ ఫోలికామ్లమును పోలిన మందులు తయారైనవి. డి.ఎన్.ఎ. నిర్మాణమునకు ఫోలికామ్లము కావలెను. దాని వేషము ధరించిన మందు చేరి పనిని చెరచును. సిడ్నీ ఫార్బర్ 1948లో ఆ మందుతో పిల్లల రక్తపు రాచపుండును కొంతకాలము వెనుకకు మరల్చెను. సుబ్బారావు ఆ సంవత్సరమే మరణించెను.

కావలికి చెల్లింపు

హద్దు మనకు కావలియని తేలినది. కావలివానికి జీతమీయవలెను గదా! విభజన ఆగిన కణములు వయస్సుతో పోగుపడి, చుట్టుప్రక్కల వాపు కలిగించు పదార్థములను స్రవించును. ఎలుకలలో ఇట్టి కణములను తొలగింపగా కొన్ని ముసలితనపు లక్షణములు వెనుకబడినట్లు 2011లో చూపిరి. కొసలు పుట్టుకతోనే పొట్టియైన అరుదగు వంశములలో మజ్జ త్వరగ ఎండిపోయి రక్తము చాలదు. దీనికి ఎదురుగ, టెలోమెరేజ్‌ను అధికముగ మేల్కొల్పు జన్యుదోషము గల కుటుంబములలో చర్మపు రాచపుండు వంశపారంపర్యముగ వచ్చుచున్నదని 2013లో కనుగొనిరి. ఎక్కువైనను కీడే, తక్కువైనను కీడే.

ఇచ్చట విద్యార్థులు పడదగు పొరపాటొకటి కలదు. కొసల పొడవే ఆయుర్దాయమని తలపరాదు. చిట్టెలుక కొసలు మనకన్న చాల పొడవు. అది బ్రతుకునది రెండు మూడేండ్లు. మెదడులోని నాడీకణములలో దాదాపన్నియు విభజనయే చెందవు, అయినను ముసలియగును. ఆయుర్దాయమునకు కారణములు పెక్కు. కొసలు వానిలో ఒకటి. కొసల పొడవు కొలిచి ఇన్నేండ్లు బ్రతుకుదువని చెప్పుట జాతకము చెప్పుట వంటిది; కొసలు పెంచు మాత్రలని అమ్ముడగు వానిని గూర్చి అంతకంటె జాగ్రత్త అవసరము.

మాస్టర్ సంగతి చెప్పవలెనన్న, అతడింకను వచ్చుచునే యున్నాడు. యుద్ధములో వాడుకొనుటకై కాలప్రభువులే అతనికి తిరిగి జన్మ నిచ్చిరని 2007లో చెప్పబడెను. 2014లో స్త్రీరూపమున, మిషెల్ గోమెజ్ నటనలో వచ్చెను. 2017 నాటి కథలో ఆ స్త్రీరూపమును దానికి ముందటి పురుషరూపమును ఒకచోట కలిసి ఒకరినొకరు చంపుకొనిరి. అతనికి తనకన్న పగవాడు దొరకలేదు. 2020లో భారతీయ సంతతికి చెందిన సాచా ధవన్ ఆ పాత్ర ధరించెను. నటులు మారుదురు, లెక్క తెమలదు.

హేఫ్లిక్ 2024లో, తొంబదియారవ యేట మరణించెను. 1962లో ఆయన పెంచి, చిన్న గాజుసీసాలలో పోసి గడ్డకట్టించిన కణములతో అటుపిమ్మట పెక్కు టీకాలు తయారైనవి. ఆ వంశపు కణములు కొన్ని నేటికిని ద్రవనత్రజనిలో నిద్రించుచున్నవి. వానిని బయటికి తీసి గోరువెచ్చని ద్రవములో నుంచినచో, అరువది యేండ్ల నాడు ఏ అంకెవద్ద ఆగెనో ఆ తరువాతి అంకెనుండి లెక్క మొదలిడును.